పదకొండో పేరు

మా హైస్కూలు గురించి మాట్లాడమని నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. పోయిన నెల పాలకుర్తి దగ్గర మా ఊళ్లో పాత విద్యార్థులంతా కలిసినప్పుడు కూడా కబడ్డీ వాళ్లకు, వాలీబాల్ వాళ్లకు మైకు ఇచ్చి, ఫుట్‌బాల్ వాళ్ల వంతు వచ్చేసరికి భోజనాలు వడ్డించారు. ఆ కోపంతోనే జనగామకు తిరిగి వస్తుంటే బండి పంక్చరయింది. దుకాణంలో ట్యూబుకు పూస్తున్న సొల్యూషన్ వాసన ముక్కుకు తగలగానే, బడి వరండాలో కూర్చుని బంతి బ్లాడరుకు అతుకు వేసే సమ్మయ్య సారు కళ్ల ముందుకు వచ్చారు.

సారుది భూపాలపల్లి. అక్కడి బొగ్గుగనుల కాలనీలో ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగిన ఆయన, ఆ ఆట ఎవరికీ పట్టని మా ఊరికి డ్రిల్లు సారుగా వచ్చారు. వానలు తగ్గి, చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని, కొత్త వరిగడ్డి వాసనా కాల్చిన మక్కకంకుల వాసనా గాలిలో కలిసిపోయే రోజుల్లో, ఆఖరి గంట కొట్టగానే చెప్పులు విడిచి, పల్లేరుకాయలు ఏరి పారేసి, ఇటుకలు పెట్టి గోలు చేసుకుని, బంతి కనిపించనంత చీకటి పడేదాకా ఆడేవాళ్లం. నేను అందరికన్నా చివర, లెఫ్ట్ వింగ్‌లో ఆడేవాణ్ని. సారంటే మా బాపుకు గౌరవం. ఆయన ఆడించినన్నాళ్లు నన్ను చేనుకు పిలవలేదు.

తర్వాత మహబూబాబాద్‌లో జరిగిన పోటీలో చిత్తుగా ఓడిపోయాం. సగం ఆట కాగానే సారు నన్ను బయట కూర్చోబెట్టి, కొత్త బూట్లు వేసుకొచ్చిన పటేలు కొడుకును దింపారు. వాడు బంతిని తన్నబోయి నేలను తన్నాడు. నన్నెందుకు తీశారో సారు చెప్పలేదు.

మర్నాడు హెడ్మాస్టరు అందరి ముందే, "గీ ఆట మనకెందుకు సారూ, కబడ్డీ నేర్పుండ్రి" అని నవ్వారు. ఆ నవ్వుతో సారు కుంగిపోయారు. బంతి మా మీదికి విసిరి వరండాలో కూర్చునేవారు. సాయంత్రమైతే కల్లు కాంపౌండ్‌కు పోయేవారు. కొన్నాళ్లకు బంతిలో గాలి పోయింది, అతుకు వేసేవారు లేరు.

"సారే ఆడిస్తలేడు, నువ్వు ఎవలతోని ఆడుతవ్‌రా? రేపటిసంది పత్తి ఏర రా" అన్నాడు బాపు. పొద్దునా సాయంత్రమూ నడుముకు ఒడి కట్టుకుని చేనులో నిలబడ్డాను. కాయల మొనలు గీరుకుని వేళ్లు మండేవి. సారు మళ్లీ లేవకపోతే నా ఆట అక్కడితో సరి.

బడిలో అన్నం వండే మరియమ్మ అవ్వ ఒకరోజు చేతిలో గంటెతోనే వచ్చి సారును ఆపింది.

"ఆదివారం గూడ ఆ కాంపౌండ్ల కూసునుడేంది సారూ? మా ప్రార్థనకు రా."

"నేనొస్తే మీ ప్రార్థన చెడుతదవ్వా."

"చెడితే చెడనీ. తాగి రాకు, గంతే."

సారు వెళ్లారు. మతం మారిండని ఊరివాళ్లు అరుగుల మీద నవ్వుకున్నా వెళ్తూనే ఉన్నారు. చలికాలం వచ్చి, వెదురుబద్దల క్రిస్మస్ చుక్కలకు రంగుకాగితాలు అతికించి ఇళ్ల మీద కట్టే రోజులకు కల్లు పూర్తిగా మానేశారు. ఒక ఆదివారం మా జట్టునంతా ఊరి చివరి రేకుల చర్చికి రమ్మన్నారు. అందరం చాపల మీద కూర్చున్నాం.

అక్కడొక పద్ధతి ఉంది. దేవుడు తనకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి నిలబడి అందరికీ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. అది ముగియగానే డోలక్ వాయించే ఆయన పాట ఎత్తుకుంటాడు. ఆ రోజు సారు లేచారు.

"ఓడిపోయిన సిగ్గుకు ఈ పోరగాండ్లను ఇడిసిపెట్టిన. నేనెంత ఓడినా నన్ను ఇడవని ప్రభువు ఉన్నడని ఈడ తెలిసింది. ఇగ నేను గూడ వీళ్లను ఇడువ" అన్నారు.

తర్వాత మైదానంలో జట్టును నిలబెట్టినట్టే, గోల్‌కీపరుతో మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరు పిలిచి క్షమాపణ అడిగారు.

"రమేశూ, నీ మీద బెత్తం ఇరగ్గొట్టిన, మాఫ్ జెయ్ బిడ్డా."

"ఏం గాదు సార్, అది పాత బెత్తమే" అన్నాడు రమేశు. చర్చి అంతా నవ్వింది.

ఆ వరసలో ఆఖరివాణ్ని నేనే. చొక్కా గుండీ సరిచేసుకుని ముందే లేచి నిలబడ్డాను. పదో పేరు పిలిచాక సారు కళ్లు తుడుచుకోవడానికి ఆగారు. సాక్ష్యం అయిపోయిందనుకుని డోలక్ ఆయన దరువేశాడు. అందరూ లేచి చప్పట్లు కొడుతూ పాడారు. అందరూ నిలబడ్డాక, నేను ముందే నిలబడ్డ సంగతి ఎవరికి కనిపిస్తుంది? పాటయ్యాక అవ్వ విస్తరాకులో గారెలు, పులిహోర పెట్టింది. కోపంతోనే మారు అడిగి తిన్నాను.

మర్నాడు తెల్లవారుజామున మంచులో పత్తి ఏరుతుంటే బడి వైపు నుంచి విజిల్ వినిపించింది. బాపు కూడా విన్నాడు. నా నడుము నుంచి ఒడి విప్పి, "పో" అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ పరుగు గుర్తొస్తే గుండె తేలికవుతుంది. మైదానంలో సారు చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ నిలబడి ఉన్నారు. ప్రార్థన ముగించి, అతుకు వేసిన బంతిని మధ్యలో పెట్టారు. తర్వాతి పోటీకి భూపాలపల్లి వెళ్లి, ఆయన ఆడి పెరిగిన మైదానంలోనే మేం ఆడి, గెలవలేదు గానీ ఓడిపోనూ లేదు. నన్ను మళ్లీ ఎప్పుడూ బయట కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు మా బడి మైదానంలో సగం గదులు లేచాయి, మిగతా సగంలో ఆటోలు నిలుపుతున్నారు. రేకుల చర్చి లేదు, అవ్వా లేదు. సారు మాత్రం భూపాలపల్లి దగ్గరి చెల్పూర్‌లో ఉన్నారనీ, ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఇంకా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నారనీ మొన్ననే తెలిసి ప్రాణం కుదుటపడింది.

అయినా అడగక తప్పదు. నన్ను మళ్లీ ఎడమ చివర ఆడించడం జవాబు కాదు సారూ. వచ్చే ఆదివారం చెల్పూర్ వస్తున్నాను. అందరూ కూర్చున్నాక నేను లేచి నిలబడతాను. మహబూబాబాద్‌లో నన్నెందుకు తీశారో, నా పేరు పిలిచి చెప్పండి.