తిరిగొచ్చిన మూడు జాబులు

అది 2005. కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా నాకు నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరు, దానికి ఆనుకొని ఎస్టీడీ బూత్ ఉండేవి. పరీక్షా ఫలితాలు, ఉద్యోగ దరఖాస్తుల మధ్య నేను ఇష్టంగా చేసే పని ఒకటుండేది. పనులకోసం బెంగుళూరు, ముంబై, కువైట్ పోయిన మావైపు వాళ్లకు ఒక మెయిలింగ్ లిస్ట్ నడిపేవాణ్ణి. జాబు ఒక్కసారి పంపితే జాబితాలో ఉన్న అరవై మందికీ పోతుంది. ఏ ఊళ్లో వాన పడింది, ఎవరింట పెళ్లి, ఎవరు పోయారు, అన్నీ రాసి, చివర్లో ఇంటివాళ్లు చెప్పిన మాటలు చేర్చేవాణ్ణి.

ప్రతి సోమవారం వరలక్ష్మి వచ్చేది. ఆమె భర్త ఓబులేసు కువైట్లో తాపీ మేస్త్రి. అక్కడి కూలీల క్యాంపు ఆఫీసులో గుమాస్తా కడప మనిషి కావడంతో, నా జాబు ప్రింటు తీసి అతని చేతికిచ్చేవాడు. ఓబులేసు ఫోన్ చేసేది ఎప్పుడో సెలవు దొరికిన శుక్రవారం. జూన్‌లో చేసినప్పుడు వరలక్ష్మికి ఒక మాట తేల్చి చెప్పాడు. "వాన పడి విత్తనం పడితే వచ్చేస్తా. లేదంటే ఇంకో రెండేళ్లకు సంతకం పెడతా. నీ జాబు చూసుకునే చేస్తా."

జూలైలో వరలక్ష్మి మోకాళ్లదాకా ఎర్రమట్టితో వచ్చింది.

"రాయన్నా. వాన పడినాది. కొండకింది చేను దున్నినాం. రమ్మని రాయి."

రాసి పంపాను. తర్వాతి వారం శెనక్కాయ విత్తినామని, ఆపై వారం మొలకలొచ్చినాయని రాయించింది. మూడోది పంపాక మాత్రం లేచి వెళ్లలేదు.

"జవాబేమన్నా వచ్చినాదా?"

"లేదమ్మా. పంపినా కదా, చూసే ఉంటాడు."

"చూసింటే ఒక మాటన్నా అనడా అన్నా?"

ఆమె ముందే లిస్టుకు జవాబులొచ్చే మెయిల్ పెట్టె తెరిచాను. ఆ పెట్టెకు ఇంగ్లీషులో చెత్త ప్రకటనలు కుప్పలుగా వచ్చేవి, అందుకని నేను చాలా రోజులు దాని జోలికి పోయేవాణ్ణి కాదు. ఆ కుప్పలో మూడు బౌన్స్ మెయిల్స్, అంటే చేరక తిరిగొచ్చిన జాబులు, ఉన్నాయి. ఓబులేసు కంపెనీ ఆ నెలే స్పామ్ ఫిల్టర్ పెట్టింది. అక్కరలేని ప్రకటనలను వాకిట్లోనే ఆపే ఏర్పాటది. ఒకేసారి అరవై మందికి పోయే జాబు, పైగా అప్పటి తెలుగు ఫాంటు అక్షరాలు దానికి పిచ్చి గీతల్లా కనబడేవి. మోసపు జాబనుకొని తిప్పికొట్టింది.

ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే నా మాట ఒక్కటీ పోలేదా?" అనింది.

లిస్టు పక్కన పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, శుక్రవారం ఓబులేసు చేత ఫోన్ చేయించమని గుమాస్తా ఒక్కడికే పంపాను. అది చేరింది. శుక్రవారం వరలక్ష్మి పొద్దున్నుంచీ బూత్‌లోనే కూర్చుంది. పదకొండుకు ఫోన్ మోగింది. లైనులో గొంతు పెద్దగా వచ్చేది, బయటున్న నాకూ వినబడింది.

"మూడు తూర్లు రాయిస్తి," అంది ఆమె. "రమ్మనే రాయిస్తి."

అవతలినుంచి ఓబులేసు అన్నాడు.

"నిన్ననే చూస్తినే. పోయిన శనివారమే సంతకం పెట్టేస్తి."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను తల దించుకున్నాను. అతనే అడిగాడు. "వాన ఎట్ల పడినాది? చెప్పు."

మబ్బు ఏవైపు లేచిందో, వంక ఎంతవరకు పారిందో, ఎద్దులు ఎట్లా బెదిరాయో ఆమె చెప్పసాగింది.

"నిదానంగా చెప్పవే," అన్నాడు.

రెండేళ్లకు ఓబులేసు తిరిగొచ్చి నా దగ్గరకొచ్చాడు. ఆ జాబులు ఉన్నాయా అని అడిగాడు. చెరిపేయలేదు, ప్రింటు తీసి ఇచ్చాను. నిలబడే మూడూ చదివాడు.

"బాగా రాసినావన్నా. ఆ ఏడాది చేను చూడకపోతి," అని మాత్రం అన్నాడు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఫిల్టర్‌ది యంత్రం బుద్ధి, దాన్ని ఏమనగలం? తిరిగొచ్చిన జాబును తెరవనిది నేను. అవతలివాళ్లు "అందింది" అనేదాకా జాబు నా చేతిలోనే ఉన్నట్టు లెక్కని ఆ ఏడాది నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేను, రెండేళ్లు ఎదురుచూసింది వరలక్ష్మి.