కమలకుమారి గారి వీడియో

పంజాగుట్టలో ఉండే కమలకుమారి గారికి పార్సిల్ తెచ్చేవాళ్ల మీద బొత్తిగా నమ్మకం లేదు. తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, అతని మీంచి చూపు తిప్పకుండా ఫోన్లో వీడియో తీస్తూ డబ్బా విప్పుతారు.

మొన్న ఏసుబాబు తెచ్చిన మిక్సీలో జారు పగిలి ఉంది.

"దార్లో నువ్వే పడేసుంటావు!" అని అతని మీద విరుచుకుపడ్డారు.

"పగిలిన సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వాలని చట్టముంది" అని కంపెనీనీ నిలదీశారు. డబ్బా విప్పినప్పటి వీడియో పంపమన్నారు వాళ్లు. ఆవిడ ధీమాగా ఫోన్ తెరిచి చూశారు. కెమెరా ఆవిడ వైపే తిరిగి ఉన్నట్టుంది, మూడు నిమిషాలూ చిట్లించిన ఆవిడ మొహమే!

చివరికి ఏసుబాబుకే ఫోన్ చేశారు.

"బాబూ, జారు పగిలే ఉందని నువ్వు చూశావు కదా?"

"చూసిన అమ్మా. మీరు నన్నే చూస్తుంటిరి గదా, డబ్బాను చూసింది నేనొక్కన్నే."