కడిగి తెచ్చిన రాళ్ళు

నాది రాళ్ళను నీళ్ళలో తిప్పే ఉద్యోగం. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే ఇలాగే చెప్తాను. వాళ్ళు నవ్వుతారు, నేను నవ్వను. రోడ్ల కోసం, పోర్టు పనుల కోసం కొండలు తవ్వేవాళ్ళు మా ల్యాబ్‌కి రాళ్ళు పంపిస్తారు. నిమ్మకాయంత ముక్కలు ఏరి, దుమ్ము దులిపి, ఓవెన్‌లో ఆరబెట్టి, తూచి, తీగ జల్లెడతో చేసిన డ్రమ్ములో వేస్తాం. డ్రమ్ము సగం నీళ్ళలో మునిగి తిరుగుతుంది. నానిన రాళ్ళు ఒకదానికొకటి రాసుకుని, అరిగినంత మేర పొడి జల్లెడలోంచి జారిపోతుంది. మిగిలినదాన్ని మళ్ళీ ఆరబెట్టి తూస్తే ఆ రాయి వానకు ఏపాటి నిలుస్తుందో తెలుస్తుంది. మా విశాఖ కొండల రాయి మహా టక్కరిది. ఒక ముక్క సుత్తికి కూడా లొంగదు, దాని పక్కదాన్ని వేళ్ళతో నలిపితే ఎర్రపిండి అవుతుంది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పోర్టులో కలాసీ. కంచరపాలెం దగ్గర కొండవాలులో వాళ్ళ ఇల్లు. ముసలి తల్లికి వేరే గది ఉండాలని ఇంటి వెనక కొండను తొలిచాడు. పల్లెలో మట్టిపని చేసి వచ్చిన మనిషి, గడ్డపార పట్టాడంటే ఇక ఆగడు. తొలిచిన చోట కొండ గోడలా నిటారుగా నిలబడింది. దేవుడే కట్టిచ్చిన గోడ అని మురిసిపోయి, దానికి ఆనించి రేకులు వేస్తానన్నాడు. అక్కకి భయమేసింది. భయమని చెప్తే వినే రకం కాదు కాబట్టి నన్ను అడ్డం పెట్టింది.

“మా సెల్లి మిషన్ల ఏసి బాగుందంటేనే రేకులెయ్యి. లేపోతే నాను పిల్లల్నట్టుకుని ఎలిపోతాను,” అంది.

బావ సిమెంటు సంచిలో రాళ్ళు వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా ల్యాబ్‌కి వచ్చాడు. మా సారు సరే కానివ్వమన్నారు. రాళ్ళు తళతళలాడుతున్నాయి. ఎలాగూ మేము దుమ్ము దులిపేదే కదా, మంచిదే అనుకున్నాను. డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ బావ చేతులు కట్టుకుని, పురిటిగది బయట నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. నీళ్ళు పెద్దగా రంగు మారలేదు. ఆరాక తూస్తే తరుగు లెక్కలోకి రానంత. ఆ మాట బావకి ఫోనులో చెప్పాను.

“సూసినావా, నాను ముందే అన్నాను గదా!” అని అవతల ఒకటే సంబరం.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వీధికుళాయి కింద కాలవ నిండా ఎర్రటి బురద గట్టిపడి ఉంది. ఏటే ఇది అని అక్కని అడిగాను.

“మీ బావ నిర్వాకమే. నీ కాడికి తెచ్చిన రాళ్ళు ఇక్కడే కడిగినాడు. సంచి నిండా తెస్తే సగం బురదైపోనాది. ఆఫీసుకి మట్టెట్టుకెల్తే ఏటి బాగుంటాది, మరదలి పరువు పోతాది అన్నాడు. పీసుతో తోమీసి, గట్టియి ఏరి తెచ్చినాడు.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మావాళ్ళకి ఆఫీసంటే గుడి లెక్క. స్నానం చేయకుండా గడప తొక్కరు, రాయికైనా స్నానం చేయించే తీసుకెళ్తారు. మామూలుగా కూలీలు తట్టలతో మట్టితో సహా తెచ్చి గుమ్మరిస్తే మేము విసుక్కుంటాం. ఈయన నా మీద గౌరవం కొద్దీ, కరిగిపోయేదంతా కాలవలో వదిలేసి కరగనిదాన్ని నాకు తెచ్చిచ్చాడు.

బావ అప్పటికే రేకులు బిగిస్తున్నాడు. నిచ్చెన కింద నిలబడి చెప్పాను.

“బావా, అసలు పరీచ్చ కుళాయి కాడే అయిపోనాది. నీళ్ళు తగిల్తే సగం రాయి బురదైపోనాదంటే ఈ కొండ నిలవదు. అమ్మని ఇందులో పడుకోనివ్వకు.”

“నీ మిషనే బాగుందన్నాది, నువ్వే బాగుందన్నావు. ఇప్పుడు మాట మారుత్తావేటి? మీ అక్క ఎక్కించినాదా?”

“నువ్వు కడిగీసినావని నాకేటి తెలుసు?”

“సుబ్బరంగా తెస్తే తప్పయిపోనాదా!” అని మేకు మీద సుత్తితో ఒక్కటిచ్చాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు. వాళ్ళమ్మకి చెప్పి చూశాను. ఆవిడ చల్లటి రాతికి వీపు ఆనించి, “నా కొడుకు నాకు గది కట్టినాడే,” అంటూ నా బుగ్గలు పుణికింది. అంత సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజే మంచం లోపలికి మార్చేశారు.

కొన్నాళ్ళకి అల్పపీడనం పట్టి వాన వదల్లేదు. ఆ వానలోనే ఒక మధ్యాహ్నం అన్నం తిని ముసలావిడ ఆ గదిలో నడుం వాల్చింది. అక్క ముందు గదిలో గిన్నెలు సర్దుతోంది. కొండ జారినప్పుడు పెద్ద చప్పుడు కూడా రాలేదట, బియ్యం బస్తా దించినట్టు వినపడిందట, అంతే. నేను వెళ్ళేసరికి బావ చేతులతోనే తవ్వుతున్నాడు. ఎవరెంత లాగినా రావడం లేదు. వేళ్ళ నిండా నెత్తురు. తీసేసరికి ఆవిడ ప్రాణం పోయి చాలాసేపయింది.

పెదకర్మనాడు చుట్టాలంతా ముందు గదిలో కూర్చున్నారు. ఎవరో కొండ సంగతి ఎత్తారు. బావ తలెత్తాడు.

“మా మరదలు మిషన్ల ఏసి మరీ సూసినాది. రాయి మంచిదే. అమ్మ రాత బాగోలేదు, ఏటి సేత్తాం? సెప్పమ్మా, మంచిదే గదా?”

అందరూ నా వైపు తిరిగారు. ఆ ముఖం చూసి జాలేసింది. ఈ ఒక్క ఆసరా కూడా లాగేస్తే మనిషి ఏమవుతాడో అనిపించింది.

“అవును బావా. నువ్వు తెచ్చిన రాళ్ళు మంచివే,” అన్నాను. అందులో అబద్ధం లేదు కూడా.

బావ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. “అయితే ఆ మట్టి ఎత్తించీసి, మళ్ళీ అక్కడే గది లేపుతాను. అమ్మ పేరు నిలబడతాది. పిల్లలు సదువుకోడానికీ ఉంటాది.”

అక్క తల దించుకుంది. పిల్లలిద్దరూ గడప మీద కూర్చుని అరిసెలు తింటున్నారు.

“వద్దు బావా,” అన్నాను. “నిలిసే రాళ్ళే నువ్వు నాకు తెచ్చినావు. నిలవని కొండ అక్కడే ఉంది. అందుకే రేకులేసిన రోజే నీకు సెప్పినాను, అమ్మని అందులో పడుకోనివ్వొద్దని.”

ఇదా సమయమని వెనక నుంచి ఎవరో నన్ను కసిరారు. బావ అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

“సెప్పినావు,” అన్నాడు.

ఆ గది మళ్ళీ లేవలేదు. బావ నాతో అన్న ఆఖరి మాట కూడా అదే.