చిన్నమ్మ తడిబట్ట

ఐదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అని రాస్తే నాకే సిగ్గేస్తోంది. ఈ ఐదేళ్ళూ నేను బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, పెళ్ళిళ్ళకు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. బరువు మోసింది ఇంకొక మనిషి. ఆమె నెత్తిన పెట్టింది నేను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది, తెలిసినవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. ఇది కాగితం మీద పెన్నుతో రాస్తున్నాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని బతికేదాన్ని, పెన్ను ఎందుకు పట్టుకున్నానో కూడా చెబుతాను. కాస్త ఓపిక పట్టండి. ఏది ముందు చెప్పాలో నాకే సరిగా తెలియడం లేదు.

నేనుండేది నంద్యాలలో. మా నాయన వాళ్ళది ఆళ్ళగడ్డ, రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు. నాయన ఉలి వదిలేసి గుమాస్తా అయ్యాడు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, వదల్లేదు. మా తాత గీసిన బొమ్మల కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి. విగ్రహానికి ముఖం ఎంత ఉండాలి, చేయి ఎంత, పీఠం ఎంత అని కొలతలతో సహా గీసినవి. వాటికి చెదలు పట్టి అంచులు రాలిపోతుంటే, చిన్నాయన యాభై దాటాక స్కానర్ వాడడం నేర్చుకుని, ఒక్కొక్కటీ తన కంప్యూటర్లోకి ఎక్కించాడు. తర్వాత ఆ కాగితాలకు పసుపు కుంకుమ పెట్టి కాలువ నీళ్ళలో కలిపేశాడు. దేవుడి బొమ్మలున్న కాగితాలను చెత్తలో వేస్తామా? ఎవరమైనా అదే చేస్తాం. కానీ ఆ రోజు నుంచి తాత గీతలు ఉన్నది ఆ ఒక్క పెట్టెలోనే.

బళ్ళు మూసేసి పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో చెప్పిన ఏడాది అది. మా ఇంట్లో కంప్యూటర్ ముసలిది. దాని హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకునేది, మా పాప క్లాసు సగంలో ఆగిపోయేది. కొత్తది కొనే స్తోమత లేదు. నిజం చెప్పాలంటే, ఉన్నా కొనేదాన్ని కాదేమో. పాత సామాన్లు అవీ ఇవీ కలిపి కొత్తదానిలా నడిపించడమంటే నాకు పిచ్చి. ఆఫీసులో నలుగురూ “మేడమ్‌కు చెప్తే అయిపోతాది” అంటుంటే ఒళ్ళు పొంగేది. ఆ పొగరు కూడా ఇందులో ఉంది.

అప్పుడే ఆళ్ళగడ్డలో చిన్నాయన కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. బస్సులు మళ్ళీ తిరగడం మొదలుపెట్టగానే వెళ్ళాను.

“నీకేం పనికొస్తే అది పెరుక్కో పాపా,” అన్నాడు. నలభై ఏళ్ళొచ్చినా ఆయనకు నేను పాపనే. “ఆ బొమ్మలు మాత్రం యాడన్నా ఎక్కిచ్చి నాకియ్యి. మా నాయన చేతి గీతలవి.”

అడిగింది అదొక్కటే.

పెట్టె తెచ్చి దుప్పటి పరిచి విప్పాను. మెమరీ నా కంప్యూటర్లో సరిపోయింది. డిస్కు కూడా బాగానే ఉంది, పోయింది లోపల కరెంటు అందించే చిన్న పెట్టె ఒకటే. నా పాత డిస్కు పక్కనే చిన్నాయన డిస్కునూ బిగించాను. ఆ రోజుకు నా పాతదాంట్లో విండోస్ కొత్తగా వేసుకుని, ఆదివారం తీరిగ్గా బొమ్మలు కాపీ చేద్దామనుకున్నాను. పాపకు పదింటికి క్లాసు. టైము తొమ్మిదిన్నర.

తెర మీద రెండు డిస్కులు కనిపించాయి. రెండూ ఒకే సైజు. ఏది ఎవరిదో పేరు లేదు.

ఇక్కడే నాకు గందరగోళం. ఆ క్షణంలో అనుమానం వచ్చిందా? వచ్చింది. వచ్చిందని నాకు తెలుసు. ఆపేసి చిన్నాయన డిస్కు కేబుల్ ఊడదీస్తే చాలు, రెండు నిమిషాల పని. ఒకదాన్ని ఎంచుకున్నాను. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగింది కూడా. సరే అని నొక్కాను. తొందరలోనా? లెక్కలేనితనంతోనా? లేక లోపలెక్కడో ఆ బాగున్న డిస్కే నాకు కావాలనుందా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. ఏది నిజమో తెలియదు.

కంప్యూటర్ లేచింది. టకటక లేదు. హమ్మయ్య, ఎంత నిశ్శబ్దంగా ఉందో అని సంతోషపడ్డాను కూడా. ఆ తర్వాత తట్టింది. టకటకలాడేది నాది. మరి ఇప్పుడు నడుస్తున్నది ఎవరిది?

అప్పటికీ అంతా పోలేదు. ఇది నా వృత్తి, నాకు తెలుసు. అలా చెరిపేసినా, పైన కొత్తవి రాసేదాకా పాతవి చాలావరకు అడుగున ఉంటాయి. వెంటనే ఆపి, డిస్కు తీసి, ఇలాంటివి వెనక్కి తీసే పనివాళ్ళ చేతికిస్తే సగానికి పైగా వెనక్కి వచ్చుండేవి. పాప పక్కన నిలబడి “అమ్మా, క్లాసు” అంది. ఈ ఒక్క క్లాసు కానీ అనుకున్నాను. మధ్యాహ్నం ఇంకో క్లాసు. మర్నాడు పరీక్ష. పాఠాల వీడియోలు, నా ఆఫీసు ఫైళ్ళు, మా ఆయన పెట్టుకున్న పాత పాటలు. ఒక్కొక్కటీ వచ్చి మా తాత గీతల మీద కూర్చుంది. పొరపాటు ఒక్క నిమిషంలో అయిపోయింది, దాన్ని నేను రోజూ కూర్చుని పూర్తి చేశాను. ఆపితే ఎందుకు ఆపావని ఇంట్లో అడుగుతారు కదా. చెప్పాలి కదా. అందుకు ఆపలేదు.

పది రోజులకు ఆళ్ళగడ్డ వెళ్ళాను. చిన్నాయన రాతిపొడి చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

“ఏమైందమ్మా, బొమ్మలు?”

“డిస్కుకు తేమ పట్టింది చిన్నాయనా. ఎప్పుడో పోయింది. పెట్టె అడుగున తుప్పు కూడా ఉంది,” అన్నాను.

తుప్పు నిజంగానే ఉంది. అదే నా తెలివి, నా మొహం!

ఆయన, తన వెనకే వచ్చిన చిన్నమ్మ వైపు తిరిగాడు. “ఆ పెట్టె కాడ తడిబట్ట ఎయ్యొద్దని ఎన్నిసార్లు చెప్తి నీకు?”

“కిందకింద తుడుస్తాంటి. నీళ్ళు లోపలికి పోతాయని నాకేం తెలుసు?”

“తెలీదంట! మా నాయన చెయ్యి పాయె ఈపొద్దు.”

చిన్నమ్మ నా దగ్గరికొచ్చి, చేయి పట్టుకుని మెల్లగా అడిగింది. “నిజంగా నీళ్ళకేనా పాపా?”

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు.

“అవును చిన్నమ్మా,” అన్నాను. చాలదన్నట్టు “నీళ్ళకే” అని ఇంకోసారి అన్నాను.

తేమ అన్నప్పుడు చిన్నమ్మ తడిబట్ట నా మనసులో ఉందా? లేదనే అనుకుంటాను. ప్రమాణం చేయమంటే చేయలేను. కానీ రెండోసారి “నీళ్ళకే” అన్నప్పుడు మాత్రం ఎవరి మీద వేస్తున్నానో నాకు పూర్తిగా తెలుసు.

ఆ తర్వాత ఒక ఊరివాళ్ళు యోగనరసింహుడి విగ్రహం అడిగారట. మా తాత కొలతల్లోనే కావాలన్నారట. చిన్నాయన గుర్తున్నంత మటుకు గీసి చూసుకుని, ముఖం దగ్గర కుదరక, వద్దని పంపేశాడు. ఆయన ఒక విగ్రహం చేయననడం అదే మొదలు. ఆయన మొదట్లో చిన్నమ్మను తిట్టేవాడు. తర్వాత తిట్టడం కూడా మానేశాడు. అదే ఎక్కువ బాధ అని చిన్నమ్మే ఒకసారి నాతో చెప్పుకుంది. నాతోనే! నేను తల ఊపాను, ఓదార్చాను, కాఫీ పెట్టిచ్చాను. ఛీ!

పోయిన నెల కంటి పరీక్షకని చిన్నమ్మ నంద్యాల వచ్చి మా ఇంట్లో దిగింది. చెమటతో తడిసిపోయి స్విచ్చుల కింద నిలబడి నన్ను పిలిచింది.

“ఫ్యాను నువ్వే ఎయ్యి పాపా. నేను ముట్టుకుంటే పాడైతాది.”

ఐదేళ్ళుగా ఆమె ఇంట్లో కూడా ఇంతేనట. మిక్సీ ముట్టుకోదు, ఫోను మోగితే కొంగుకు మూడుసార్లు చేతులు తుడుచుకుని గానీ ఎత్తదు. ఫ్యాను వేశాను. ఆమె మా కంప్యూటర్‌ను దూరంగా నిలబడే చూసింది.

“మా పెట్టెలోది ఏమన్నా నీకు పనికొచ్చెనా?”

“వచ్చింది చిన్నమ్మా.”

“పోనీలే. అదన్నా అక్కరకొచ్చె,” అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆమె వెళ్ళిపోయాక ఇదంతా టైపు చేయడానికి కూర్చున్నాను. రెండు లైన్లు కొట్టి సేవ్ చేయబోతుంటే చేయి ఆగిపోయింది. ఇది పోయి కూర్చునేది కూడా ఆ డిస్కులోనే కదా. ఒప్పుకుంటూ కూడా ఇంకో గీత చెరపాలా?

కరెంటు తీసేశాను. డిస్కు ఊడదీశాను. పొడిబట్టలో చుట్టి బీరువాలో పెట్టాను. అందుకే ఈ పెన్ను. కంప్యూటర్‌కు ఏమైందని ఇంట్లో అడుగుతున్నారు, ఇంకా చెప్పలేదు. అందులో ఏమన్నా మిగిలిందో లేదో తెలియదు. ఐదేళ్ళ తర్వాత ఏం మిగులుతుంది? ఒక చేయో, ఒక పీఠమో. ఒక్కటీ మిగలకపోతే నన్ను చూడగానే చిన్నాయన ఏమంటాడో, అసలు మాట్లాడతాడో లేదో.

క్షమించమని అడగాలా, అడిగితే అది ఇంకో అన్యాయమా? తెలియదు. ముందు చెప్పాల్సింది మాత్రం చిన్నాయనకు కాదు. అది ఒక్కటే ఈ గందరగోళంలో నాకు స్పష్టంగా ఉంది. ఆదివారం బస్సెక్కుతానని రాయను, నా మాట మీద నాకే నమ్మకం లేదు.

ఇంట్లో ఎవరూ లేరు. ఇందాక వంటింట్లో నిలబడి ఆ మాట పైకి అని చూశాను. మొదటిసారి సగంలో ఆపేశాను. రెండోసారి పూర్తిగా అన్నాను.

“నీళ్ళకు కాదు చిన్నమ్మా. నా వల్ల.”