మడుగు లోతు

లోయలోకి దిగినవాళ్లం: నేను, మామ, ఆయన కుక్క. తీసుకెళ్లినవి: ముప్పై మీటర్ల టేపు, నోటుబుక్కు, రెండు సీసాల నీళ్లు, మామ చేతి కట్టె.

మామ మా అమ్మకు తమ్ముడు. ఆయనకు అరవై గొర్రెలు. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి కర్నూలులో ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఎండాకాలం ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. ఊరి వాగు కొండను కోసుకుపోయిన లోయ అడుగున ఒక్క మడుగు మిగిలింది. వానల దాకా, అంటే ఇంకో మూడు వారాలు, అది సరిపోతే గొర్రెలను ఉంచుకోవాలి, లేకుంటే ఆదివారం సంతకు తోలాలి. అది తేల్చమని నన్ను పిలిపించాడు.

లోయ అడుగంతా గుండ్రాళ్లు. అటూ ఇటూ ఎర్ర బండలు, నడుమ సన్నగా ఆకాశం. గాలి లేదు. ఎండిన మడుగులు మూడు దాటాము. ఒకదాంట్లో నెమలి కళేబరం ఉంది, కుక్క వాసన చూసి వదిలేసింది. చిన్నప్పుడు తాను ఈదిన లోతును మామ చేత్తో చూపిస్తూ నడిచాడు. మొదటిదాని దగ్గర మెడ ముట్టుకున్నాడు. మూడోదాని దగ్గర చెయ్యి తలపైకెత్తాడు.

నాలుగోదాంట్లో నీళ్లున్నాయి. ఐదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. కట్టెను రాయి తగిలేదాకా గుచ్చాను. బయటికి తీస్తే కింది సగం నల్లటి బురద. ప్యాంటుకు తుడిచేసి తడి ఎందాకా ఉందో కొలిచాను. తొంభై సెంటీమీటర్లు. గొర్రెకు రోజుకు నాలుగు లీటర్లు, ఎండకు పోయేది కొంత, అన్నీ లెక్కేశాను.

"ఎన్ని దినాలొస్తాదప్పా?"

"ఇరవై ఐదు, మామా."

తన కంటికి పది దినాలకు మించి ఆనడం లేదన్నాడు. అయినా చదివినోనివి నువ్వు అన్నాడు. సంతకు తోలలేదు. నీళ్లు తగ్గుతున్నా, నా లెక్క ప్రకారం ఇంకా సగం రోజులున్నాయని రెండో ఆదివారం కూడా ఆగాడు.

పదమూడో రోజు ఊరినుంచి ఫోన్ వచ్చింది. నేను పోయేసరికి మడుగులో ఉన్నది, నేను నీళ్ల కింద కొలిచిన బురదే. దప్పికతో ముందు దిగిన గొర్రెలు పొట్టల దాకా కూరుకుపోయాయి, వెనకవి వాటిమీద పడ్డాయి. మామ తొడల దాకా బురదతో బండమీద కూర్చున్నాడు. తిట్టలేదు.

"ఆ పొద్దు నువ్వు కట్టె తుడుస్తాంటే చూస్తి," అన్నాడు. "తెలిసే తుడుస్తాండావనుకొంటి."

మిగిలినవాటిని వెనక్కు తోలుకొచ్చాము. లోయ మొదట్లో దారి ఇరుకు, ఒక్కొక్కటే ఎక్కాలి. నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.