రాజేశం గొంతు

ఏడేళ్లుగా ఒక పచ్చగీత నా గుండె మీద ఉంది. వీడియో ఎడిటింగ్‌లో గొంతు ఎంత పెద్దగా ఉందో చూపించే గీత. దాన్ని పైకి లాగాను. తెలిసే లాగాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. మీకే చెబుతున్నాను.

ఇరవై ఏళ్లు పత్రికలో పనిచేశాక సిరిసిల్లలో ఒక చిన్న వీడియో ఛానల్‌కు ఎడిటింగ్ చేసేవాణ్ణి. మరమగ్గాల కార్మిక సంఘానికి అధ్యక్ష ఎన్నిక వచ్చింది. పోటీలో ఇద్దరు. ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే ఆ మరమగ్గాలే, నడిపిన రాజేశం, గుమాస్తాగా పనిచేసి వచ్చిన ఒక మెత్తని మనిషి. మా ఛానల్‌లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు.

సాంచాల మోతలో బతికినవాళ్లు ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడతారు. చెవులు మొద్దుబారి, తమ గొంతు తమకే వినపడదు. మా నాన్నా అంతే. అందుకే ఇలాంటి వీడియోలో మొదటి పని పెద్దగొంతును దించి, చిన్నగొంతును పెంచి, రెండింటినీ ఒక మట్టానికి తేవడం. నేను తలకిందులుగా చేశాను.

ఎందుకు? మా నాన్న దినాల నాడు భోజనాల బంతిలో రాజేశం పక్కవాడితో అన్న మాటకు.

“అయ్య సాంచాల కాడ్నే పాణమిడిసిండు. కొడుకేమో ఆసాముల ఇండ్లల్ల చాయ్ తాగుకుంట వార్తలు రాస్తుండు.”

ఆసాములంటే సాంచాల యజమానులు. బంతంతా విన్నది. కొందరు విస్తరిలోకి చూస్తూ నవ్వారు. నా చేతిలో పప్పు బకెట్. వడ్డిస్తూనే పోయాను. ఆయన గుసగుసగా అన్నాననుకున్నాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ క్షమించలేదు. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే అంత మండేదా?

వీడియోలో మెత్తని మనిషి బతిమాలుతున్నట్టున్నాడు, రాజేశం మీదపడి కొట్టబోతున్నట్టున్నాడు. కార్మికుల దగ్గు గురించి ఆయన చెప్పిన చోట ఇంకా పెంచాను, గొంతు పగిలేదాకా. ఫోన్లలో చూసినవాళ్లు “గిట్ల ఒర్రెటోడు మనకేం పెద్దమనిషి” అన్నారు. ఒర్రడమంటే మా దగ్గర అరవడం. ఓడిపోయాడు. ఆ రోజు రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తెప్పించుకుని తిన్నాను. ఆ రుచి ఇంకా గుర్తుంది.

వారం తర్వాత రాజేశం నా దగ్గరికి వచ్చాడు.

“తమ్మీ, నేను గంతగనం ఒర్రిన్నా?”

“నువ్వెట్ల మాట్లాడినవో గట్లనే పెట్టిన అన్నా.”

“ఇంట్ల గూడ గిట్లనే ఒర్రుతనా మరి? మీ వదినె ఎన్నడు జెప్పకపాయె.”

“ఆమెనే అడుగు.”

అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయన ముఖం చూస్తూ, అన్నాళ్లుగా మోస్తున్న ఆ పప్పు బకెట్‌ను మనసులో కింద పెట్టాను.

మొన్న కోరుట్ల బస్టాండులో కనిపించాడు. వాళ్లు ఎక్కాల్సిన సిరిసిల్ల బస్సు పక్కనే ఉండగా ఆయన భార్య పొరపాటున జగిత్యాల బస్సు వైపు నడుస్తోంది. రాజేశం పిలుస్తున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో పిలిచినట్టు. ఆమెకు వినపడలేదు. ఎక్కేసింది. బస్సు కదిలితే దాని వెనకే పరుగెత్తాడు, చెప్పు ఊడిపోయినా. అరవలేదు.

బాగా అయింది అనుకున్నాను. అవును, ముందు అదే అనుకున్నాను. ఆమె నాకు పది అడుగుల దూరంలోంచే వెళ్లింది. నా గొంతు బాగానే ఉంది. నేనూ పిలవలేదు.

ఇది పశ్చాత్తాపమా? తెలియదు. ఆ బంతిలోని నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. కానీ ఆ వీడియోలో ఆయన ఒర్రలేదు. ఒర్రించింది నేను. ఇంత రాశాక, కాస్త ఊపిరి ఆడుతోంది.