ఎల్లప్ప పరిచిన బజారు

మనూర్ దగ్గరి పల్లెలో ఎల్లప్పకు రెండెకరాల చెలక ఉండేది. వానలు పడని ఏడాది అతనూ, భార్య ఎలీసబెతూ హైదరాబాదు పోయి రాళ్ల పనిలో చేరారు. అప్పుడు నగరం నడిబొడ్డున ఒక పాత బజారును బాగుచేస్తున్నారు. బండ్లు రాకుండా, జనం నడవడానికే వీధంతా గ్రానైట్ బండలు పరచాలి. ఆ బండల్ని మిషన్‌తో కోసేది ఎల్లప్ప. మూడేళ్లు కోశాడు. ముక్కుకు తువ్వాల తప్ప ఇంకేమీ లేదు. సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లబడేవి. బజారు పూర్తికాకముందే దగ్గు పట్టుకుంది. మేస్త్రీ ఇంటికి పొమ్మన్నాడు.

నలభై ఆరేళ్లకే నారాయణఖేడ్‌లో బస్సు మెట్టు ఎక్కలేక నిలబడిపోయే మనిషయ్యాడు. మొదట టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగినా తగ్గలేదు. పోయిన చలికాలం ఎలీసబెతు అతన్ని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, దానికి మందు లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

బయటికొచ్చాక ఎలీసబెతు బస్సుకు పోదామంది. అతను కదల్లేదు.

"గా బజారు జూసి పోదం. కోసుడే గని, ఒక్కనాడన్న తిరగలే."

ఆటో బజారు మొదట్లో దింపింది. అక్కడి నుంచి నడకే. పాత మేడలకు కొత్తగా సున్నం వేశారు, కిటికీలకు ఆకుపచ్చ రంగు. కరెంటు తీగలు వేలాడినచోట నల్లటి దీపస్తంభాలు. జనం ఐస్‌క్రీములు తింటూ, ఫోటోలు దిగుతూ తిరుగుతున్నారు. ఎల్లప్ప పది అడుగులు వేసి ఆగేవాడు. ఊపిరి అందాక మళ్లీ పది. తాను కోసిన బండలు గుర్తుపడతాననుకుని వంగి చూశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పని చేసినన్నాళ్లు తమ గుడిసె ఉండిన చోటు ఎలీసబెతు చూపించింది. అక్కడిప్పుడు కాఫీ దుకాణం. ఎల్లప్ప బయటి కుర్చీలో కూర్చుంటే, అవి కొనేవాళ్లకేనని దుకాణం మనిషి లేపేశాడు. ఆమె అతన్ని గోడకు ఆనించి నిలబెట్టింది.

వీధి చివర మిషన్ చప్పుడు వినపడింది. పక్క సందుకూ బండలు పరుస్తున్నారు. రేకుల చాటున, తెల్లటి పొడిలో ఒకడు బండ కోస్తున్నాడు. ముక్కుకు తువ్వాల. ఊరడిగితే, మనూర్ పక్కనే ఉన్న కంగ్టి అన్నాడు. పేరు నాగేశ్, ముప్పై దాటి ఉండవు. ఎల్లప్ప గుండీలు విప్పి, ఎముకలు తేలిన రొమ్ము చూపించాడు.

"తమ్మీ, నేను గూడ గీ పనే జేసిన. నీళ్లు వోసుకుంట కొయ్యి. లేకుంటె ఇడిచిపెట్టి ఊరికి పో."

నాగేశ్ మిషన్ ఆపాడు. నీళ్లు పోస్తే పని జల్దీ సాగదని మేస్త్రీ ఒప్పుకోడనీ, ఊళ్లో కంది చేను ఎండిపోయిందనీ చెప్పాడు. "ఊరికి వోయి ఏం జెయ్యాలె అన్నా?" అనడిగాడు.

మిషన్ మళ్లీ మొదలైంది. పొడి మీదికి రాగానే ఎల్లప్పకు ఆగని దగ్గు పట్టుకుంది. ఎలీసబెతు కొంగు అతని ముఖానికి అడ్డంపెట్టి ఇవతలికి లాక్కొచ్చింది.

బస్సు సంగారెడ్డి దాటింది. అప్పుడు ఎల్లప్ప అన్నాడు: "ఆడు ఇడువడు. నువ్వు ఇడువుమని జెప్పినప్పుడు నేను ఇన్ననా?"

ఆమె కొంగుతో అతని కనురెప్పల మీది పొడి తుడిచింది.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా ఎల్లప్ప చనిపోయాడు. చివరి పదిరోజులు పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక, కంగ్టి నుంచి వచ్చిన చుట్టాలను ఎలీసబెతు నాగేశ్ గురించి అడిగింది. ఆ పేరుగలవాళ్లు తమ ఎరుకలో నలుగురున్నారనీ, నలుగురూ పట్నంలో రాళ్ల పనిలోనే ఉన్నారనీ వాళ్లు చెప్పారు.